గ్రీన్ కార్డు గడువైపోతే హక్కు పోదు

నా దగ్గరకి ఎక్కువగా వచ్చేవి రేషన్ కార్డు, పింఛను, జాబు కార్డు గొడవలే. ఈ మధ్య నెల్లిమర్లలో అమెరికా గ్రీన్ కార్డులూ ఒస్తున్నాయి. జూట్ మిల్లులో షిఫ్టులు చేసినోల పిల్లలు సాఫ్ట్‌వేర్‌లోకి ఎల్లి, అక్కడి పౌరసత్వం తీసుకొని, అమ్మానాన్నలకి కూడా కార్డులు తెప్పించినారు. ఆ పెద్దోలు పైడితల్లమ్మ పండక్కో సంక్రాంతికో ఊరొచ్చి, కార్డు మీద తేదీ సూసి గాబరా పడి, ఇంట్లో ఫోను బాగా తెలిసిన పిల్లల చేతిలో పెడతారు. ఆ పిల్లలు మీరే. అందుకే మీకు రాస్తున్నాను.

ముందు ఒకటి బుర్రలో పెట్టుకోండి. పదేళ్ల కార్డు గడువు అయిపోనంత మాత్రాన అమెరికాలో శాశ్వతంగా ఉండే హక్కు పోదు. పట్టాదారు పాసుబుక్కు చెదలు తినేస్తే భూమి పోద్దా? ఇదీ అలగే. గానీ పాసుబుక్కు లేకపోతే బ్యాంకులో పని అవదు కదా, చెల్లే కార్డు లేకపోతే అక్కడ ఉద్యోగం మారినా, విమానం ఎక్కినా ఇబ్బందే. పైగా 18 ఏళ్లు నిండినోలు కార్డు ఎప్పుడూ దగ్గరుంచుకోవాలని అక్కడి చట్టం. లేకపోతే 100 డాలర్ల వరకు జరిమానా, 30 రోజుల వరకు జైలు అని రాసుంది.

కొత్త కార్డుకి పెట్టే దరఖాస్తు పేరు ఐ-90. గడువుకి ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. యుఎస్‌సిఐఎస్ అనే వలస శాఖ సైటులో ఖాతా ఉచితం, ఎవరికి ఆలే నింపుకోవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఫీజు ఆన్‌లైన్‌లో 415 డాలర్లు, కాగితం మీదైతే 465. ఒచ్చిన రసీదు పారేయొద్దు. 2024 సెప్టెంబరు 10న తెచ్చిన మార్పు ప్రకారం ఆ రసీదు, పాత కార్డు కలిపి సూపిస్తే గడువు తేదీ నుంచి 36 నెలలు చెల్లినట్టే. ఈ లెక్కలు మారతుంటాయి, కట్టే రోజు మళ్లీ సైటులో సూడండి.

అలగని నెల్లిమర్లలో కూకొని ఐ-90 నొక్కీయొద్దు. అది అమెరికాలో ఉండి పెట్టాల్సింది. దరఖాస్తు పెట్టకుండా ఊరొచ్చి, ఇక్కడుండగా గడువు దాటిపోతే ముందు అమెరికా కాన్సులేట్‌ని అడగాలి.

కార్డుకి రెండేళ్లే గడువుంటే కథ వేరు. అమెరికా పౌరుణ్ని చేసుకొని, పెళ్లయి రెండేళ్లు నిండకుండా కార్డు వచ్చిన మన ఆడపిల్లలకి ఇచ్చేది అదే. దానికి ఐ-90 పనికిరాదు. గడువుకి ముందు 90 రోజుల్లో మొగుడూ పెళ్లాం కలిసి ఐ-751 పెట్టాలి. పెట్టకపోతే ఇక్కడ పోయేది కార్డు కాదు, హక్కే. దీన్ని పట్టుకొని కొందరు మొగుళ్లు బెదిరిస్తారు, "నాను సంతకం పెట్టకపోతే నువ్వు ఊరెల్లిపోవాల్సిందే" అని. అది అబద్ధం. విడాకులైనా, మొగుడు హింసించినా, ఆమె ఒక్కతే మినహాయింపు అడిగి అదే ఫారం పెట్టుకోవచ్చు. దానికి ఆ 90 రోజుల లెక్క కూడా అడ్డం రాదు. కావాల్సింది సాక్ష్యం: పెళ్లి నిజమైనదని సూపే ఫోటోలు, ఇద్దరి పేరు మీదున్న బ్యాంకు కాగితాలు, ఇంటి అద్దె ఒప్పందం, దెబ్బలకి డాక్టరు రాసిన చీటీలు, పోలీసు ఫిర్యాదు. ఇవన్నీ వాట్సాప్‌లో కన్నోరింటికి పంపించీసి ఉంచుకోవాలి. అక్కకి తమ్ముడివైతే దాచే పని నీదే. ఇలాంటి కేసు సొంతంగా నింపొద్దు, వకీలు ఉండాల్సిందే.

మరి వకీలంటే ఎవరు? విజయనగరం కోర్టు దగ్గర నోటరీ అంటే నల్లకోటు వకీలే. అందుకే అమెరికాలో నోటరీ బోర్డు సూసి మనోలు వకీలనే అనుకుంటారు. అక్కడ నోటరీ సంతకానికి సాక్షి, అంతే. వకీలు కాని నోటరీ చట్టం సలహా ఇవ్వకూడదు. వలస కేసులో డబ్బు తీసుకొని సలహా చెప్పగలిగేది ఏదో ఒక రాష్ట్రం బార్‌లో లైసెన్సున్న అటార్నీ, లేకపోతే సేవా సంస్థలో ఉంటూ అక్కడి న్యాయశాఖ గుర్తింపు తెచ్చుకున్న ప్రతినిధి. ఆ సంస్థలు తక్కువకి చేస్తాయి, కొన్ని ఉచితంగానే. జాబితా న్యాయశాఖ సైటులో ఉంటాది. మన తరఫున నిలబడినోడు జి-28 అనే ఫారం మీద తన పేరు రాసి సంతకం పెట్టాలి. డబ్బు పుచ్చుకొని పేరు రాయనంటే ఆడేటి వకీలు?

మామూలు పదేళ్ల కార్డుకి వకీలు ఖర్చు అక్కర్లేదనే నా మాట. గానీ తాగి బండి నడిపిన కేసో, కొట్లాట కేసో ఎప్పుడో ఒకటి ఉంటే, కొట్టేసినదైనా సరే, ఐ-90 పెట్టకముందే వకీలుకి సూపించాలి. వేలిముద్రలు తీసుకొని పాత కేసులన్నీ సూస్తారు. కార్డు కోసం ఎల్లినోలు దేశం నుంచి పంపించీసే కేసులో ఇరుక్కోవచ్చు.

పెద్దోల సంగతి ఇంకొకటి. ఏడాది దాటి ఊర్లోనే ఉండిపోతే గడువున్న కార్డుతో కూడా తిరిగి ఎల్లడం కష్టం. ఎక్కువ రోజులు ఉండాలనుకుంటే బయల్దేరకముందే, అమెరికాలో ఉండగానే, ఐ-131తో రీ-ఎంట్రీ పర్మిట్‌కి పెట్టాలి. అది మామూలుగా రెండేళ్లు చెల్లుతాది. ఎక్కువ నెలలు ఇక్కడుండి ఎల్లినోలకి విమానాశ్రయంలో ఐ-407 ఫారం ఇచ్చి సంతకం పెట్టమనొచ్చు. అది "నా హక్కు నానే వదులుకుంటున్నాను" అనే కాగితం. పెట్టమన్నా పెట్టక్కర్లేదు. ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు సెప్పుకుంటామని అడగొచ్చు. ఇంగ్లీషు రానోలు తెలుగు దుబాసీని అడగొచ్చు. ఈ మూడు మాటలూ ఒక కాగితం మీద తెలుగులో ఒకపక్క, ఇంగ్లీషులో ఒకపక్క పెద్దక్షరాలతో రాసి, మీ తాత పాస్‌పోర్టు కవర్లో పెట్టండి.