గుంట ఛాతీ శస్త్రచికిత్సలో కంప్యూటర్ నమూనాలు

రొమ్ము ఎముక, దాన్ని అంటిపెట్టుకున్న మృదులాస్థి లోపలికి కుంగి ఛాతీ మధ్యలో గుంట పడటాన్ని వైద్యులు పెక్టస్ ఎక్స్‌కవేటమ్ అంటారు. ఇది ఆడపిల్లల్లో కంటే మగపిల్లల్లో ఎక్కువ. గుంట లోతైనదైతే గుండె పక్కకు జరుగుతుంది, కాస్త పరుగెత్తినా ఆయాసం వస్తుంది. ఆపరేషన్ తరవాత ఆ ఛాతీ ఎంత లేస్తుందో, ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో ముందే లెక్కగట్టేందుకు పుట్టినవే కంప్యూటర్ నమూనాలు.

1949లో అమెరికా సర్జన్ మార్క్ రావిచ్ వంకరపోయిన మృదులాస్థిని తొలగించి, రొమ్ము ఎముకను సరిచేసే పద్ధతిని ప్రచురించారు. వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో డొనాల్డ్ నస్ 1987లో వేరే దారి పట్టారు. మృదులాస్థిని కోయకుండా, వంచిన ఉక్కు కడ్డీని రొమ్ము ఎముక కిందుగా దూర్చి తిప్పితే గుంట పైకి లేస్తుంది. కొన్నేళ్లకు కడ్డీ తీసేస్తారు. 42 మంది పిల్లలపై పదేళ్ల అనుభవాన్ని ఆయన బృందం 1998లో వెల్లడించింది.

అదే 1987లో అలెక్స్ హాలర్ సీటీ స్కాన్ ఆధారంగా ఒక కొలత ఇచ్చారు: ఛాతీ లోపలి వెడల్పును, రొమ్ము ఎముకకూ వెన్నెముకకూ మధ్య దూరంతో భాగించాలి. ఫలితం 3.25 దాటితే గుంట తీవ్రమైనదని లెక్క. అయితే గుంట ఒకవైపుకు ఒరిగిందా, రొమ్ము ఎముక మెలితిరిగిందా అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు. కడ్డీకి ఎంత బలం కావాలో అసలే చెప్పదు.

ఆ లోటు తీర్చే గణితం విమానాల తయారీ నుంచి వచ్చింది. విమాన రెక్కల దృఢత్వం లెక్కించేందుకు 1950లలో రూపుదిద్దుకున్న ఆ పద్ధతికి రే క్లఫ్ 1960లో పేరు పెట్టారు. ఆ పేరును తెలుగులో పరిమిత మూలకాల పద్ధతి అనవచ్చు. సీటీ చిత్రాల నుంచి పక్కటెముకలను, మృదులాస్థిని వేరుచేసి వేలాది చిన్న ముక్కలుగా విడగొడతారు. ప్రతి ముక్కకూ దాని గట్టిదనం కేటాయిస్తారు. తెరమీద కడ్డీతో ఎముకను ఎత్తితే ఏ ముక్క ఎంత కదిలిందో, ఎంత ఒత్తిడి మోసిందో తేలుతుంది.

నస్ పద్ధతి తరవాత ఛాతీలో ఒత్తిడి పరుచుకునే తీరు పిల్లల్లో ఒకలా, పెద్దల్లో మరోలా ఉంటుందని జపాన్‌లో తొమొహిసా నగసావో బృందం 2007లో ఇలాంటి నమూనాలతోనే చూపింది. నార్‌ఫోక్‌లో ఓల్డ్ డొమినియన్ విశ్వవిద్యాలయ ఇంజనీర్లు అక్కడి పిల్లల ఆసుపత్రి సర్జన్లతో కలిసి నస్ ఆపరేషన్‌కు సిమ్యులేటర్ రూపొందించారు. పోర్చుగల్‌లోని మిన్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు కడ్డీని రోగి ఛాతీకి తగ్గట్టు ముందే వంచే పద్ధతిపై పనిచేశారు. ఆపరేషన్ గదిలో కడ్డీని మళ్లీమళ్లీ వంచి సరిచూసే శ్రమ దీనితో తగ్గుతుంది.

ఈ నమూనాలకు హద్దులూ ఉన్నాయి. సీటీ ఆకారాన్ని చూపుతుంది గానీ ఒక్కొక్కరి మృదులాస్థి ఎంత గట్టిదో నేరుగా చెప్పదు. వయసుతో అది బిగుస్తుంది కూడా. కండరాల లాగుడును, ఊపిరి కదలికను చాలా నమూనాలు సరళం చేసి లెక్కిస్తాయి. పిల్లలకు రేడియేషన్ తగ్గించేందుకు ఛాతీ ఉపరితలాన్ని కాంతితో కొలిచే త్రీడీ స్కానర్లు వాడుకలోకి వచ్చాయి. గుంట లోతును, చికిత్స తరవాత మార్పును వీటితో పదేపదే కొలవవచ్చు. లోపలి ఎముకల అమరిక తెలియాలంటే మాత్రం సీటీ లేదా ఎమ్మారై కావాలి.