గీతకు రంగు ఎందుకు వచ్చింది?

డ్రాయింగ్ బ్రాంచిలో పనిచేసిన మిత్రులకు సెక్షన్ గీయడం కొత్త కాదు. కోతపడిన గోడకు, శ్లాబుకు 0.5 మి.మీ. పెన్ను, వెనుక కనిపించే తలుపులకు, మెట్లకు 0.25, కొలతలకు 0.18. ఏది కోతలో ఉందో, ఏది వెనుక ఉందో మేస్త్రి ఆ మందం చూసే గ్రహించేవాడు.

1982లో వెలువడిన ఆటోక్యాడ్ ఈ పనిని కంప్యూటరు తెరమీదికి తెచ్చింది. ఆనాటి తెరమీద గీతలన్నీ ఒకే మందం. కనుక రంగే మందానికి గుర్తయింది. ఎరుపు 1, పసుపు 2, ఆకుపచ్చ 3 – ఇలా రంగుకొక సంఖ్య. ఏ రంగుకు ఏ పెన్నో ముందే చెప్పి ఉంచితే ప్లాటరు ఆ పెన్నునే అందుకునేది.

లేయరంటే ఒకదానిపై ఒకటి పరచిన ట్రేసింగు కాగితాల వంటిదే. గోడలకొకటి, కొలతలకొకటి, అక్కరలేనిదాన్ని తెరమీద కనబడకుండా చేయవచ్చు. లేయరుకు రంగు నిర్ణయిస్తే అందులోని గీతలన్నీ దాన్నే అనుసరిస్తాయి.

1999లో వచ్చిన ఆటోక్యాడ్ 2000 నుంచి మందాన్ని నేరుగా లేయరుకే చెప్పే వీలు కలిగింది. రంగును బట్టి మందమిచ్చే పద్ధతీ నిలిచే ఉంది.

కోతపడిన గోడను కొలతల లేయరులో గీస్తే సన్నగా అచ్చవుతుంది, మేస్త్రి తికమకపడతాడు. ఏ గీత ఎక్కడిదో తెలిసి గీయడం మన తరం బోర్డు మీద నేర్చిన విద్యే.