ఏటీపీ సింథేజ్: కణంలో తిరిగే మోటారు

ఏటీపీ సింథేజ్ ఒక ప్రోటీన్ యంత్రం. ఇక్కడ యంత్రం అన్నది పోలిక కోసం వాడిన మాట కాదు. ఇందులో నిజంగానే తిరిగే చక్రం, ఇరుసు, కదలకుండా నిలిచే చట్రం ఉన్నాయి. కణాలు శక్తి కోసం ఖర్చుపెట్టే ఏటీపీ అణువులను తయారుచేయడం దీని పని. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనుగొన్నారు.

ఆహారం నుంచి వచ్చిన శక్తితో కణం ప్రోటాన్లను మైటోకాండ్రియా లోపలి పొర అవతలికి తోడిపోస్తుంది. అవి ఆనకట్ట వెనక నీళ్లలా పేరుకుంటాయి. తిరిగి లోపలికి రావడానికి వాటికున్న ప్రధాన మార్గం ఈ మోటారే. ఒక్కో ప్రోటాన్ చక్రంలోని ఒక్కో భాగానికి అంటుకుని, దాదాపు పూర్తి చుట్టు తిరిగి, లోపలివైపు దిగిపోతుంది. మనిషిలో ఈ చక్రానికి 8 భాగాలుంటాయి. అంటే ఒక చుట్టుకు 8 ప్రోటాన్లు కావాలి.

చక్రంతోపాటు ఇరుసూ తిరుగుతుంది. ఆ ఇరుసు అన్ని వైపులా ఒకేలా ఉండదు, కిటుకంతా అక్కడే ఉంది. దాని చుట్టూ ఏటీపీ తయారయ్యే మూడు గదులుంటాయి. ఇరుసు తిరిగేకొద్దీ ఒక్కో గది ముడిసరుకు తీసుకుంటుంది, బిగుసుకుంటుంది, తెరుచుకుంటుంది. ఒక చుట్టుకు 3 ఏటీపీలు బయటికొస్తాయి. బిగుసుకున్న గదిలో ఏటీపీ దానంతటదే ఏర్పడుతుందని, శక్తి ప్రధానంగా దాన్ని గది నుంచి విడిపించడానికే ఖర్చవుతుందని పాల్ బాయర్ చెప్పినప్పుడు నమ్మినవారు తక్కువ. 1994లో జాన్ వాకర్ బృందం ఆవు గుండె నుంచి తీసిన ప్రోటీన్ నిర్మాణాన్ని వెల్లడించింది. అందులో మూడు గదులూ మూడు వేర్వేరు స్థితుల్లో కనిపించాయి. 1997లో జపాన్ పరిశోధకులు ఇరుసుకు మెరిసే ఆక్టిన్ పోగును తగిలించి, ఏటీపీ అందించి, మోటారు వెనక్కి తిరగడాన్ని మైక్రోస్కోపులో చూశారు. బాయర్, వాకర్‌లకు ఆ ఏడాదే నోబెల్ దక్కింది.

క్షయ బ్యాక్టీరియాకూ ఇలాంటి మోటారే ఉంది. నిద్రాణంగా పడి ఉన్నా దానికి ఏటీపీ తప్పదు. బెడాక్విలిన్ అనే మందు ఆ చక్రానికి అతుక్కుని దాన్ని తిరగనివ్వదు. మన మోటారు మీద దాని ప్రభావం అంతకంటే తక్కువ. మొండి క్షయకు వాడేందుకు అమెరికా 2012 డిసెంబరులో అనుమతించిన ఈ మందు 2016లో భారత ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. లవణ రూపంపై పేటెంటు కోరుతూ జాన్సన్ అండ్ జాన్సన్ పెట్టుకున్న దరఖాస్తును భారత పేటెంట్ కార్యాలయం 2023 మార్చిలో తిరస్కరించింది. అభ్యంతరం తెలిపినవారిలో క్షయ నుంచి బయటపడినవారూ ఉన్నారు. దీంతో చౌక జనరిక్‌లకు దారి తెరుచుకుంది.

ఈలోగా బ్యాక్టీరియా కూడా దారులు వెతుక్కుంటోంది. కొన్నిసార్లు చక్రం జన్యువే మారుతోంది. రోగుల్లో ఎక్కువగా కనిపిస్తున్నది మాత్రం వేరే మార్పు: మందును కణం నుంచి బయటికి తోసేసే పంపుకు ఉండే అదుపు తప్పిపోవడం. ఆ పంపు కూడా ఒక ప్రోటీన్ యంత్రమే.