విషానికి వెలుగే విరుగుడా?

వానాకాలంలో ఏటినీరు బురదగా వస్తే మన అమ్మమ్మలు చిల్లగింజను అరగదీసి కుండలో కలిపేవారు. కాసేపటికి మట్టి అడుక్కి దిగి, పైన తేటనీరు నిలిచేది. కంటికి కనిపించే మురికికి ఆ ఉపాయం చాలు. నీటిలో కరిగిపోయిన లోహం కంటికి కనిపించదు, కాచినా పోదు. అటువంటి విషాన్ని వెలుతురుతో విరిచే ప్రయత్నం ఎలా మొదలైందో, ఎంతవరకు వచ్చిందో చూద్దాం.

1967లో టోక్యో విశ్వవిద్యాలయంలో కెనిచి హోండా శిష్యుడు అకిరా ఫుజిషిమా ఒక టైటానియం డయాక్సైడు స్ఫటికాన్ని నీటిలో ఉంచి, దానిపై కాంతి ప్రసరింపజేశాడు. తెల్ల రంగుల్లోనూ, టూత్‌పేస్టులోనూ వాడే సామాన్య పదార్థమే అది. స్ఫటికం మీద ఆక్సిజన్ బుడగలు లేచాయి. దానికి జతచేసిన ప్లాటినం దగ్గర హైడ్రోజన్ పుట్టింది. 1972లో ‘నేచర్’ పత్రికలో ఆ ఫలితం వెలువడింది. మరుసటి ఏడాదే చమురు సంక్షోభం రావడంతో హైడ్రోజన్ ఇంధనం మీద ఆశతో అందరూ అటు చూశారు.

నీటిని శుభ్రం చేయవచ్చన్న ఆలోచన ఆ వెనుక వచ్చింది. 1977లో టెక్సస్‌లో ఫ్రాంక్, బార్డ్ ఇదే పదార్థంతో నీటిలోని సైనైడును విరిచారు. 1979లో జపానుకు చెందిన యొనెయామా బృందం క్రోమియం మీద ప్రయోగించింది.

క్రోమియానికి రెండు ముఖ్య రూపాలున్నాయి. ఆరు వేలెన్సీ గల క్రోమియం నీటిలో సులువుగా కరిగి భూగర్భంలో దూరాలు పోతుంది. ఇది క్యాన్సర్ కారకం. మూడు వేలెన్సీ గల క్రోమియం అంతకంటే చాలా సాధువు. ఆమ్లగుణం లేని నీటిలో మడ్డిగా అడుక్కి దిగుతుంది. అతినీలలోహిత కిరణం తగిలినప్పుడు టైటానియం డయాక్సైడులో ఎలక్ట్రాన్లు వదులై బయటపడతాయి. అటువంటి మూడు ఎలక్ట్రాన్లు అందుకుంటే మొదటి రూపం రెండవదిగా మారుతుంది. ఎలక్ట్రాన్లు వదిలిన ఖాళీలు నీటిలోని సేంద్రియ మలినాలను దహిస్తాయి. ఒకే వెలుగు, రెండు పనులు!

మనలో చాలామంది చూసిన ‘ఎరిన్ బ్రోకొవిచ్’ (2000) సినిమా కథకు మూలం ఈ క్రోమియమే. కాలిఫోర్నియాలోని హింక్లీలో పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ 1952 నుంచి 1966 దాకా తుప్పు పట్టకుండా దీన్ని వాడి, ఆ నీటిని అస్తరు లేని గుంటల్లోకి వదిలింది. 1996లో బాధితులకు 33 కోట్ల 30 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. అయితే అక్కడ శుద్ధికి వెలుగును వాడలేదు. భూమిలోకి ఇథనాల్ పంపి, సూక్ష్మజీవుల చేత అదే మార్పు చేయించారు.

కారణం లేకపోలేదు. టైటానియం డయాక్సైడుకు పనికివచ్చే అతినీలలోహిత భాగం ఎండలో సుమారు 5 శాతమే. మట్టినీటిలోకి, భూగర్భంలోకి కాంతి చొరబడదు. నీటిలో కలిపిన పొడిని తిరిగి వడగట్టాలి. అందుకే మామూలు వెలుతురుకే పనిచేసే పదార్థాల కోసం వెతుకులాట సాగుతోంది. 2009లో వెలుగుచూసిన కార్బన్ నైట్రైడు ఉత్ప్రేరకం వాటిలో ఒకటి.

అన్నిటికీ మించిన చిక్కు మరొకటుంది. లోహం మూలకం, దాన్ని ఏ వెలుగూ మాయం చేయలేదు, రూపం మార్చగలదంతే. దిగిన మడ్డిని ఎవరో ఒకరు తీసి భద్రపరచాలి. చిత్తూరుకు ఆవల, తమిళనాడులోని రాణిపేటలో మూతబడ్డ ఒక క్రోమేటు కర్మాగారం వదిలిపోయిన లక్ష టన్నులకు పైగా వ్యర్థం ఏళ్ళ తరబడి ఆరుబయట పడి ఉంది. వానపడినప్పుడల్లా అది నేలలోకి ఇంకింది.

తాగునీటిలో ఈ క్రోమియం లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని కాలిఫోర్నియా 2014లో నిర్ణయించింది. 2017లో కోర్టు తీర్పుతో రద్దయిన ఆ హద్దును 2024లో మళ్ళీ తెచ్చింది. చట్టం నిలబెట్టడానికే పదేళ్ళు పట్టింది. చిల్లగింజ తేర్చిన నీటిని కూడా అమ్మమ్మ జాగ్రత్తగా వంచుకునేది, అడుగున దిగిన మడ్డి మళ్ళీ కలవకుండా. ఎంత గొప్ప ఉత్ప్రేరకం వచ్చినా మనకు ఆ జాగ్రత్త తప్పదు.