తాడు పేనే సన్యాసి, పేరు లేని చెల్లెలు

సంక్రాంతి 15న వచ్చిన ఏడు 16న కనుమ. పశువులకి స్నానం చేయించి, కొమ్ములకి రంగు పూసి, మెడలో దండ వేసి, ఆ ఒక్కరోజూ పనికి కట్టకుండా దణ్ణం పెట్టుకుంటాం. సరిగ్గా ఆ మర్నాడు, జనవరి 17న, ఇటలీలో, స్పెయిన్‌లో పల్లెల వాళ్ళు ఆవుల్నీ గుర్రాల్నీ కోళ్ళనీ ఇంట్లో కుక్కపిల్లనీ తీసుకుని చర్చి ముందుకొస్తారు. ఫాదర్ గారు వాటి మీద పవిత్ర జలం చల్లి దీవిస్తారు. అది ఒక సన్యాసి పండుగ. పదిహేడు వందల ఏళ్ళ క్రితం ఈజిప్టు ఎడారిలో బతికిన ఆయన పేరు అంతోని.

అంతోని అనగానే మన సికింద్రాబాద్ వాళ్ళకి ఇంకో అంతోని గుర్తొస్తాడు. మా బౌద్ధనగర్ నుంచి మెట్టుగూడ, లాలాగూడ వైపు వెళితే రైల్వేల కాలం నుంచీ స్థిరపడిన కథోలిక కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళకి మంగళవారం అంటే పునీత అంతోని వారి నొవేనా. పోయిన వస్తువు దొరకాలన్నా, పిల్లకి సంబంధం కుదరాలన్నా ఆయనకే మొక్కు. చేతిలో బాలయేసుని ఎత్తుకుని ఉండే ఆ అంతోని పాదువా అంతోని. ఆయన 1195లో లిస్బన్‌లో పుట్టాడు. అమ్మానాన్నా పెట్టిన పేరు ఫెర్నాండో. 1220లో ఫ్రాన్సిస్ సన్యాసుల్లో కలిసినప్పుడు ఆయన అడుగుపెట్టిన చిన్న ఆశ్రమం మన ఎడారి అంతోని పేరున కట్టినది. అందుకే తనూ ఆ పేరే పెట్టుకున్నాడు. అంటే మంగళవారం కొవ్వొత్తి వెలిగించే చేతులు, తమకి తెలియకుండానే, ఆ పాత సన్యాసిని కూడా తలుచుకుంటున్నట్టే.

ఆయన్ని ఓర్పుకి, పట్టుదలకి ఆదర్శంగా చెబుతారు. ఆ కథ చదువుతుంటే నాకు ఆయనతో పాటు ఆయన చెల్లెలు కూడా వదలకుండా వెంటపడింది.

క్రీ.శ. 251 ప్రాంతంలో ఈజిప్టులోని ఒక పల్లెలో కలిగిన ఇంట పుట్టాడు అంతోని. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ వయసులో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. మిగిలింది ఇల్లు, మన లెక్కలో సుమారు 200 ఎకరాల మంచి భూమి, బాగా చిన్నదైన ఒక చెల్లెలు. ఆరు నెలలు తిరక్కుండానే ఒకరోజు చర్చిలో సువార్త చదువుతుంటే విన్నాడు. ఉన్నదంతా అమ్మి పేదలకిచ్చి తన వెంట రమ్మని ఒక డబ్బున్న కుర్రాడితో ఏసు అన్న ఘట్టం అది. తనకే చెప్పినట్టు అనిపించింది. భూమి ఊరివాళ్ళకి ఇచ్చేశాడు. సామాను అమ్మి పంచాడు. చెల్లెలి కోసమని కొంచెం పక్కన పెట్టాడు. ఇంకోసారి చర్చికి వెళ్ళినప్పుడు రేపటి గురించి బెంగ పడొద్దన్న మాట చెవిన పడింది. ఆ కొంచెం కూడా పంచేశాడు. చెల్లెల్ని, పెళ్ళి లేకుండా దేవుడి సేవలో ఉండే నమ్మకమైన స్త్రీల దగ్గర పెంచమని అప్పగించి, ఊరి బయటికి వెళ్ళిపోయాడు.

ఇక్కడికి వచ్చేసరికి మనలాంటి వాళ్ళకి పుస్తకం పక్కన పెట్టేయాలనిపిస్తుంది. ఆ పిల్లని ఎవరైనా అడిగారా? అమ్మానాన్నా పోయి ఏడాది కాలేదు. ఉన్న ఒక్క అన్న వెళ్ళిపోతున్నాడు, పక్కన పెట్టిన నాలుగు డబ్బులూ పోయాయి. సిద్ధార్థుడు రాత్రివేళ ఇల్లు వదిలిన కథ విన్నప్పుడు యశోధర ఏమనుకుందో అని అడిగేది ఎప్పుడూ ఆడవాళ్ళే. బౌద్ధనగర్ అని పేరున్న చోట కాపురం ఉంటూ ఆ ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది? అంతోని చెల్లెల్ని వీధిన పడేయలేదు, ఒక నీడకి చేర్చాడు. అది నిజమే. కానీ ఆ జీవితం ఆమె ఎంచుకున్నది కాదు, అన్న నిర్ణయించినది. ఈ కథంతా రాసిన అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ ఆమె పేరు కూడా రాయలేదు.

అంతోని సంగతి మాత్రం వివరంగా రాశాడు. మొదట ఊరి చివరే ఉండి, చేతులతో పని చేసుకుంటూ, అక్కడక్కడా ఉన్న వృద్ధ తపస్వుల్ని చూసి ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క మంచి అలవాటు నేర్చుకున్నాడు. తర్వాత ఒక పాత సమాధిలో తలుపు వేసుకుని ఉన్నాడు. ముప్ఫై అయిదేళ్ళప్పుడు నైలు దాటి ఎడారిలో పాడుబడిన కోటలోకి వెళ్ళి సుమారు ఇరవై ఏళ్ళు బయటికి రాలేదు. ఏడాదికి రెండుసార్లు పైకప్పు మీద నుంచి రొట్టెలు దింపేవారు. ఆరు నెలలు నిలవుండే ఎండు రొట్టె, ఉప్పు, నీళ్ళు. చివరికి స్నేహితులు తలుపు విరగ్గొట్టారు. ఎముకల గూడు కనిపిస్తుందనుకున్న వాళ్ళకి ఎప్పటిలాంటి మనిషే కనిపించాడు. చిక్కిపోలేదు, ఒళ్ళు చేయలేదు. జనాన్ని చూసి కంగారు పడలేదు, పొంగిపోనూ లేదు. ఆ తర్వాత ఆయన చుట్టూ ఎడారిలో ఆశ్రమాలు పుట్టుకొచ్చాయి. 356లో పోయేనాటికి ఆయన వయసు నూట అయిదేళ్ళని అథనేసియస్ రాశాడు. ఆ పుస్తకం కొన్నేళ్ళకే లాటిన్‌లోకి వెళ్ళింది. 386లో మిలాన్ నగరంలో అగస్టీన్ అనే పంతులుగారు ఈ కథ ఒక మిత్రుడి నోట విని కుదేలైపోయాడు. ఆయన తర్వాత క్రైస్తవ లోకంలో ఎంత పెద్దవాడయ్యాడో తెలిసిందే.

కోట, ఇరవై ఏళ్ళు, ఎండు రొట్టె. ఇవి చదివితే దణ్ణం పెట్టాలనిపిస్తుందే గానీ మన బతుక్కి ఏం పనికొస్తాయో అర్థం కాదు. పనికొచ్చేవి చిన్న కథల్లో ఉన్నాయి. ఎడారి సన్యాసుల మాటలు తరవాతి వాళ్ళు కూర్చిన సంకలనంలో అంతోని గురించి మొట్టమొదటి కథే ఇది. ఒకరోజు ఆయనకి విసుగొచ్చింది. మనసు నిలవదు, ప్రార్థన సాగదు. ఏం చేయాలో చెప్పమని దేవుణ్ణి అడిగాడు. బయటికొస్తే తనలాగే ఉన్న ఒక మనిషి కూర్చుని తాడు పేనుతున్నాడు. కాసేపటికి లేచి ప్రార్థన చేశాడు. మళ్ళీ కూర్చుని తాడు అందుకున్నాడు. మళ్ళీ లేచాడు. ఆ మనిషి దేవదూత, దారి చూపించడానికి వచ్చాడు. ఇలాగే చెయ్యి, చాలు అన్నాడు. అంతే కథ.

అంత గొప్ప తపస్వికి దొరికిన జవాబు ఒక దినచర్య. పొద్దున్నే పాలు కాచడం, బాక్సులు కట్టడం, బట్టలు ఆరేయడం, మధ్యలో దీపం ముందు రెండు నిమిషాలు నిలబడటం, మళ్ళీ పప్పు నానబెట్టడం మనకి తెలియనిదా? మనం దాన్ని రోజూ ఒకటే గొడవ అంటాం. ఆయన దాన్నే సాధన అన్నాడు. ఇంకొకటి కూడా అథనేసియస్ చెబుతాడు. గడిచిన కాలాన్ని అంతోని లెక్క పెట్టుకునేవాడు కాదట. ఇన్నేళ్ళు చేశాను అనుకోకుండా ప్రతిరోజూ ఇవాళే మొదలుపెడుతున్నట్టు లేచేవాడట. పెళ్ళయి పాతికేళ్ళయింది, ఎన్ని వేల పూటలు వండానో అని లెక్క వేసుకున్న రోజు మనకి పొయ్యి దగ్గరికి వెళ్ళబుద్ధి కాదు. లెక్క వదిలేసిన రోజు చారులో పోపు వాసన బాగానే తగులుతుంది. ఆ కిటుకు ఆయనకి తెలుసు.

విరామం విలువ కూడా ఆయనకి తెలుసు. ఒకసారి శిష్యులతో నవ్వుతూ కూర్చున్న అంతోనిని చూసి ఒక వేటగాడు ముఖం చిట్లించాడు. సన్యాసులకి ఈ సరదా ఏమిటని. విల్లు ఎక్కుపెట్టమన్నాడు అంతోని. ఎక్కుపెట్టాడు. ఇంకా లాగమన్నాడు, ఇంకా ఇంకా అన్నాడు. విరిగిపోతుందయ్యా అన్నాడు వేటగాడు. మనుషులూ అంతే అన్నాడు అంతోని. బుద్ధుడు సోణుడనే భిక్షువుకి చెప్పిన వీణ తీగ పోలిక కూడా ఇదే. మరీ బిగిస్తే పలకదు, మరీ వదులైతే పలకదు. మధ్యాహ్నం ఓ గంట నడుం వాల్చినందుకు లోపల్లోపల తప్పు చేసినట్టు బాధపడే వాళ్ళకి ఇద్దరు మహానుభావుల అనుమతి ఉంది.

చివరి కాలంలో ఆయన ఎర్ర సముద్రం వైపు ఒక కొండ కింద ఉన్నాడు. తనకి రొట్టెలు మోసుకొచ్చే వాళ్ళని కష్టపెట్టడం ఇష్టం లేక ఒక పార, ఒక గొడ్డలి, కొంచెం విత్తనాలు తెప్పించుకుని నీరున్న చోట పండించుకున్నాడు. వచ్చేపోయే వాళ్ళ కోసం కూరగాయలు కూడా వేశాడు. నీళ్ళకి వచ్చిన అడవి జంతువులు పైరు తొక్కేసేవి. వాటిలో ఒకదాన్ని నెమ్మదిగా పట్టుకుని, నేను మీకేం చేశానని నాకీ నష్టం అని అడిగితే అవి మళ్ళీ అటు రాలేదని కథ. మూగజీవాలకీ ఆయనకీ చుట్టరికం ఇలాంటి కథల్లోదే. తర్వాత ఫ్రాన్స్‌లో ఆయన పేరున వెలిసిన ఆసుపత్రి సన్యాసుల పందులు మెడలో గంటతో వీధుల్లో తిరిగేవి. అందుకే బొమ్మల్లో ఆయన పక్కన పంది ఉంటుంది.

ఎడారి మాటల సంకలనంలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. ముగ్గురు: థియోడోరా, సారా, సింక్లెటికా. వాళ్ళని అమ్మ అనే పిలిచేవారు. సింక్లెటికా అలెగ్జాండ్రియాలో కలిగినవాళ్ళ అమ్మాయి. తల్లిదండ్రులు పోయాక చూపు లేని తన చెల్లెల్ని వెంట పెట్టుకునే ఆస్తి పంచి, ఊరి బయట ఉండిపోయింది. ఆమె పోలికలన్నీ ఇంట్లోంచి వచ్చినవే. నిప్పు రాజేసేటప్పుడు ముందు పొగ, కళ్ళనీళ్ళు, ఆ తర్వాతే మంట, దేవుడి దారి కూడా అలాంటిదే అంటుంది. కట్టెల పొయ్యి ముందు గొట్టంతో ఊదిన మన అమ్మమ్మలకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. గుడ్ల మీంచి మాటిమాటికీ లేచిపోయే కోడి పిల్లల్ని పొదగలేదని కూడా అంటుంది. మొదలుపెట్టిన చోట కుదురుగా ఉండమని దాని అర్థం.

అయితే ఈ మాటని ఆడవాళ్ళ మీదికి తిప్పి వాడటం చాలా తేలిక. ఇంట్లో ఏం జరిగినా ఓర్చుకో తల్లీ, కోడిలా కూర్చో తల్లీ అని చెప్పడానికి పురాణాల్నీ పునీతుల్నీ వాడుకునే వాళ్ళకి ఏ మతంలోనూ కొదవ లేదు. అందుకే ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలి. బలాసియస్ అనే సైన్యాధికారి ఆ సన్యాసినుల్ని కొట్టిస్తున్నాడని తెలిసినప్పుడు అంతోని వాళ్ళని ఓర్చుకోమని కబురు పెట్టలేదు. అధికారికే ఉత్తరం పంపాడు, ఆపకపోతే దేవుడి కోపం తప్పదని. అతను ఆ ఉత్తరం మీద ఉమ్మి పారేశాడు. అయిదు రోజుల్లో గుర్రం కరిచి చచ్చాడని అథనేసియస్ రాశాడు. గుర్రం సంగతి ఎలా ఉన్నా ఉత్తరం సంగతి నాకు ముఖ్యం. మనం కోరుకున్న పనిని విసుగొచ్చినా వదలకపోవడం పట్టుదల. దెబ్బలు తింటూ నోరు మూసుకోవడానికి ఆ పేరు పెట్టకూడదు. నూరేళ్ళు ఓర్పు సాధన చేసిన మనిషికే ఆ తేడా తెలుసు.

మరి చెల్లెలు? పుస్తకంలో సగం పైన గడిచాక ఒకే ఒక్క వాక్యంలో మళ్ళీ కనిపిస్తుంది. ముసలివాడైన అంతోని కొండ దిగి శిష్యుల్ని చూడటానికి వచ్చినప్పుడు ఆమెని కూడా చూసి సంతోషించాడట. ఆమె అదే దారిలో ముసలిదైంది. అప్పటికి తోటి సన్యాసినులందరికీ ఆమే పెద్దదిక్కు.

మధ్యలో దశాబ్దాలున్నాయి. ఆమె ఏం చేసింది, ఎంత ఏడ్చింది, అన్న మీద కోపం ఎప్పుడు చల్లారింది, ఎందరు అనాథ పిల్లల్ని దగ్గరికి తీసింది, ఎవరూ రాయలేదు. ఆయన కోటకి జనం వచ్చి తలుపు విరగ్గొట్టారు గనక ఆ ఇరవై ఏళ్ళకీ లెక్క ఉంది. ఆమె తలుపు ఎవరూ తట్టలేదు. తను ఎంచుకోని బతుకుని ఏదో ఒక పూట తనదిగా చేసుకుని, రోజూ లేచి మళ్ళీ మొదలుపెట్టి ఉంటేనే అలా పదిమందిని నడిపించగలిగే మనిషి అవుతుంది. ఏళ్ళ తరబడి తాడు పేనింది ఆయనొక్కడే కాదు.

ఈసారి జనవరి 17న అంతోనిని తలుచుకునే వాళ్ళు ఆయన చెల్లెల్ని కూడా తలుచుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. మన ఇళ్ళల్లో ముత్తవ్వల పేర్లు మనకెన్ని తెలుసు గనక? వాళ్ళు నేర్పిన పనులు మాత్రం మన చేతుల్లో అలాగే ఉన్నాయి.