కోడె కాడి మోసిన చరిత్ర

రెండు మూడు తరములకు పూర్వము చిత్తూరు మండలమున ఎద్దు లేనిదే ఏ పనియు సాగెడిది కాదు. జీవనదులు లేని యీ మెట్టసీమలో పైరునకు నీరు బావులనుండియే రావలెను. ఆ నీటిని కపిలతో తోడునది ఎద్దుల జత. బావిగట్టునుండి వాలుగా దిగు బాటలో ఎద్దులు నడచుచుండగా, తోలువాడు మోకుపై కూర్చుండి తన బరువును గూడ వానికి తోడుచేసెడివాడు. నిండిన బాన పైకి వచ్చి తోలుతొండముగుండ నీటిని కాలువలో గ్రుమ్మరింపగా, ఎద్దులు వెనుకడుగు వేయుచు మరల గట్టెక్కెడివి. గానుగ చుట్టు తిరిగి చిత్తూరు బెల్లమునకు చెరకురసము పిండినవియు, 1944లో తిరుమలకు ఘాటురోడ్డు పడకముందు పల్లెల యాత్రికులను కొండ క్రిందివరకు చేర్చినవియు అవియే. 1782 డిసెంబరులో చిత్తూరు చేరువను, నరసింగరాయనిపేట దండులో కన్నుమూసిన హైదరాలీ ఫిరంగులను లాగినవి అమృతమహల్ జాతి ఎద్దులు. ఆ సేన వేగమంతయు వాని గిట్టలలోనే యుండెను.

అయితే కోడెదూడ తనంతట తాను ఎద్దు కాదు. దానిని ఎద్దుగా చేయవలెను. ఊరి మందకు ఆబోతుగా నొకదానిని విడిచి, తక్కిన కోడెలకు విత్తుకొట్టించుట తరతరముల ఆచారము. పితృకార్యములలో వృషోత్సర్గము చేసి, శూలమో చక్రమో వాతవేసి వదలిన దానికి ఏ చేనైనను అడ్డు లేదు. పొగరుబోతును 'అచ్చోసిన ఆంబోతు' అని మనవారు తిట్టుట అందుచేతనే. తక్కినవానికి ఆ స్వేచ్ఛ లేదు. కోడెను పడవైచి, కాళ్లు బిగించి, బీజకోశమును కఱ్ఱల నడుమ నిరికించి, విత్తులు నలుగువరకు గొట్టెడివారు. మత్తుమందు లేదు. ఆ మూగజీవము పడిన బాధను తక్కువచేసి వ్రాయుట నా వలన కాదు. పిమ్మట బుర్డిజో అను ఇటలీదేశపు పశువైద్యుడు రూపొందించిన పట్టకారు వచ్చి, చర్మము తెగకుండ బీజనాళమును మాత్రమే నలుపుటచే విత్తులను చితుకగొట్టుట తప్పినది; నొప్పి తప్పలేదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము సైతము, విధించిన పద్ధతిలో చేసినచో దీనిని నేరముగా నెంచలేదు.

ఇందు రైతు చూపిన ప్రజ్ఞ అంతయు అదనునందున్నది. పాలు మరచిన వెంటనే విత్తుకొట్టినచో కాళ్లు సాగి పొడవగును గాని, మెడ సన్నగిలి, మూపురము లేవక, కాడి నిలువదు. మిక్కిలి జాగుచేసినచో మెడయు మూపురమును బలియును గాని, పొగరు ముదిరి ముకుతాడునకు లొంగదు. కావున రెండు మూడేండ్ల ప్రాయమున, మెడ నిండి మూపురము తీరిన పిమ్మట, కొమ్ము విసరుట ముదరకముందే ఆ పని ముగించెడివారు. శరీరమున ఏదో యొక శక్తి కొంతకాలము పనిచేయనిచ్చి, కావలసినంత ఫలము చేతికందగానే దానిని నిలిపివేయుట యిది. ఆ శక్తి యేదో రైతు ఎరుగడు. దాని కాలమానమును మాత్రము క్షుణ్ణముగా నెరుగును.

విత్తులు తీసివేసిన నేమగునో లోకమంతకు తెలియును. తిరిగి యిచ్చిన నేమగునో చూచినవాడు జర్మనీలోని గొట్టింగెన్ నగరపు శాస్త్రజ్ఞుడు బెర్తోల్డ్. 1849లో ప్రకటించిన ప్రయోగమున ఆయన ఆరు కోడిపుంజులకు విత్తులు తీసెను. కొన్నింటిని ఊరకయే వదలగా, అవి తురాయి కుంచించుకొని, కూత మరచి, కయ్యమునకు విముఖములయ్యెను. తక్కినవాని కడుపులో, ప్రేగుల నడుమ, ఒక్కొక్క విత్తును నాటగా అవి యథాప్రకారము పుంజులై కూసెను. నాటిన విత్తునకు నాడులతో సంబంధము తెగిపోయినది, రక్తనాళములు మాత్రము క్రొత్తగా అల్లుకొన్నవి. కనుక ఆజ్ఞ నెత్తురుగుండనే దేహమంతయు పోవుచున్నదని తేలినది. ఇంతటి ప్రయోగమును పండితలోకము అరశతాబ్దికి పైగా మరచియుండుట విచారకరము. 1905లో లండనులో స్టార్లింగ్ అను శాస్త్రజ్ఞుడు నెత్తురుగుండ ఆజ్ఞను మోయు ఇట్టి రసములకు 'హార్మోను' అని పేరిడిన తరువాతనే దాని విలువ తెలిసినది.

విత్తులలోని ఆ హార్మోనును పట్టుటకు మరల ఆబోతే అక్కరకు వచ్చినది. 1927లో చికాగోలో కాక్, మగ్గీ యనువారు అచటి కబేళాలనుండి తెచ్చిన 40 పౌనుల ఆబోతు విత్తులనుండి 20 మిల్లీగ్రాముల సారమును తీసి, విత్తుకొట్టిన పుంజులకు తురాయి మొలిపించిరి. 1935లో ఆమ్‌స్టర్‌డాములో లకర్ బృందము 100 కిలోల విత్తులనుండి 10 మిల్లీగ్రాముల శుద్ధ ద్రవ్యమును రాబట్టి టెస్టోస్టెరోన్ అని పేరు పెట్టెను. ఆ యేడే బ్యూటెనాంట్, రుజీచ్కాలు దానిని ప్రయోగశాలలో తయారుచేసి 1939లో నోబెల్ బహుమానమునకు పాత్రులైరి.

మనుష్యదేహమునందును ఇదే వ్యవస్థ. మెదడు అడుగుననుండు హైపోథలామస్ పీయూషగ్రంథిని కదలించును, పీయూషగ్రంథి వృషణములను కదలించును. టెస్టోస్టెరోన్ చాలినంత కాగానే అదియే రక్తముగుండ వెనుకకు పోయి ఆ రెంటిని నెమ్మదింపజేయును. పురుషుని డెసిలీటరు రక్తమున నిది 300 నుండి 1000 నానోగ్రాములు మాత్రమే. అయినను మీసము మొలచుట, కంఠము బొంగురుపోవుట, కండ దేరుట దాని పనియే. ఎముకల కొసలు మూసికొని ఎదుగుదల ఆగుటకును అదియే మూలము, అదియు విచిత్రముగా: అందు కొంత భాగము దేహములోనే ఈస్ట్రోజన్‌గా మారి, స్త్రీలదని మనమనుకొను ఆ హార్మోనే మగవాని యెముకకు గడియ వేయును. గడియ వేయు హార్మోను కరవైనచో ఎముక ఇంకను సాగును. బాల్యముననే వృషణములు పోయిన మనుజునకు కాలుసేతులు పొడవగుటకును, లేతనాడే విత్తుకొట్టిన కోడెకు కాళ్లు సాగుటకును కారణమిదియే.

1955లో తిరుపతిలో పశువైద్య కళాశాల వెలసిన నాటినుండి, ఈ జిల్లా యువకులు రైతు చేతితో చేసిన పనిని గ్రంథముఖమున గూడ నేర్చుచున్నారు. ఈలోగా కపిలస్థానమున విద్యుత్తు మోటారు, మడకస్థానమున ట్రాక్టరు వచ్చినవి. విత్తుకొట్టించు రైతు అరుదయ్యెను. ఎద్దులు తగ్గినకొలది ఊరి ఆబోతును గూడ మేపువారు లేరైరి. మూడడుగుల యెత్తు మించని పుంగనూరు జాతి యట్లే క్షీణించి, అంతరించు దశకు వచ్చినది. నేడు పలమనేరు పరిశోధనాస్థానమున ఆ జాతిని కాపాడుచున్నారు. పూర్వము నూటికొకటిగా విడువబడిన ఆబోతును ఇప్పుడు వంశము వెదకి, ఎన్నిక చేసి, బీజము చెడకుండ పోషింపవలసి వచ్చినది.