కొరియా మార్చి ఒకటి ఉద్యమంలో మతాల పాత్ర

1919 మార్చి 1న సియోల్‌లో వెలువడిన కొరియా స్వాతంత్ర్య ప్రకటన మీద 33 మంది సంతకాలున్నాయి. అందరూ మతాల తరఫున వచ్చినవారే: ప్రొటెస్టంట్ క్రైస్తవులు 16 మంది, చొండోగ్యో మతస్థులు 15 మంది, బౌద్ధ భిక్షువులు ఇద్దరు. 1910లో కొరియాను కలుపుకున్న జపాన్ రాజకీయ సంఘాలను రద్దు చేసి కొరియన్ల పత్రికలను మూయించింది. ఊరూరా మనుషులు, చందాలు, పరస్పర విశ్వాసం ఉన్న సంస్థలుగా చివరికి మిగిలినవి మతసంస్థలే. వాటి మీదా నిఘా తప్పలేదు. గవర్నర్ జనరల్ హత్యకు కుట్ర పన్నారంటూ 1912లో 105 మందికి శిక్షలు వేశారు. వారిలో అత్యధికులు క్రైస్తవులు.

చొండోగ్యోకు తిరుగుబాటు వారసత్వం ఉంది. మనిషిలోనే దైవం ఉందంటూ 1860లో చ్వె జె-ఉ ప్రారంభించిన దోంగ్‌హక్ దాని మూలం. ఆయనను 1864లో చంపించింది కొరియా రాజ్యమే. 1894 నాటి దోంగ్‌హక్ రైతుల తిరుగుబాటును అణచడంలో జపాన్ సైన్యం పాల్గొంది. ఆ పోరులో దళాలను నడిపిన సొన్ బ్యొంగ్-హి 1905లో మతానికి కొత్త పేరు పెట్టి, 1919లో ఉద్యమానికి పెద్దదిక్కయ్యాడు.

క్రైస్తవులకు ఖర్చుల కోసం చొండోగ్యో 5,000 వాన్లు ఇచ్చింది. ప్రకటన అచ్చయింది కూడా దాని ముద్రణాలయం బొసొంగ్‌సాలోనే. తేదీ విషయంలోనూ సర్దుబాటు జరిగింది. మాజీ చక్రవర్తి గొజొంగ్ అంత్యక్రియలు మార్చి 3న. ఆ రోజు వద్దనుకున్నారు. 2వ తేదీ ఆదివారం, క్రైస్తవులకు ఆరాధన దినం. అలా 1వ తేదీ ఖాయమైంది. ఒకరి దేవుణ్ణి ఒకరు ఒప్పుకోని మతాలు ఇంత పొందికగా పనిచేయడమే ఈ ఉద్యమంలో అన్నిటికంటే గొప్ప విషయం. భిక్షువు, కవి హాన్ యొంగ్-ఉన్ బౌద్ధుల తరఫున సంతకం చేశాడు. కన్ఫ్యూషియన్ పండితులు ఈ జాబితాలో లేరు. వారు విడిగా పారిస్ శాంతి సభకు వినతిపత్రం పంపారు. కాథలిక్ చర్చి అధికారులు తమవారిని పాల్గొనవద్దన్నారు.

సంతకందారుల్లో ఎక్కువమంది అహింసకు కట్టుబడి, ఒక భోజనశాలలో సమావేశమై, పోలీసులకు తామే లొంగిపోయారు. వీధుల్లో ఉద్యమాన్ని మోసినవారు విద్యార్థులు, రైతులు, సంతల్లోని జనం. మెథడిస్టు యువతి యు గ్వాన్-సున్ 1920లో జైల్లోనే చనిపోయింది. 1919 ఏప్రిల్ 15న జెయాం-రి గ్రామంలో సైనికులు క్రైస్తవులను, చొండోగ్యోవారిని చర్చిలోకి పిలిచి, కాల్చి, చర్చికి నిప్పంటించారు. ఇరవై మందికి పైగా చనిపోయారు.

ఆ ఐక్యత నిలవలేదు. చొండోగ్యో నాయకుడు, సంతకందారు చ్వె రిన్ తరువాతి కాలంలో జపాన్ పక్షం చేరాడు. జపాన్ బలవంతం మీద షింటో గుళ్లలో మొక్కడం మతవిషయం కాదంటూ 1938లో ప్రెస్బిటేరియన్ మహాసభ తీర్మానించింది. దానికి తలొగ్గని పాస్టర్ జు గి-చొల్ 1944లో ప్యోంగ్యాంగ్ జైల్లో మరణించాడు.